వెండి తీగ వెంట వెలుగు ప్రయాణం

కాంతిని ఎంత ఇరుకైన చోటికైనా కుదించవచ్చునన్న ఆశకు ప్రకృతి ఒక హద్దు గీసింది. జర్మనీ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ ఆబే 1873లో తేల్చిన ప్రకారం, కటకాలను ఎంత నేర్పుగా తీర్చిదిద్దినా కాంతి పుంజాన్ని దాని తరంగదైర్ఘ్యంలో సుమారు సగం కన్నా చిన్న బిందువుగా మార్చడం సాధ్యం కాదు. అడ్డంకుల అంచుల వద్ద తరంగాలు వంగి విస్తరించే గుణాన్ని వివర్తనం అంటారు కనుక, ఈ హద్దుకు వివర్తన పరిమితి అని పేరు వచ్చింది. నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లో వంతు. ఎర్రని కాంతి తరంగదైర్ఘ్యం దాదాపు 650 నానోమీటర్లు కాబట్టి దాన్ని 300 నానోమీటర్ల కన్నా బాగా చిన్న చోట బంధించడం మామూలు కటకాలకు, గాజు పోగులకు చేతకాని పని. నేటి చిప్‌లలో ట్రాన్సిస్టర్ల కీలక భాగాలు కొన్ని పదుల నానోమీటర్లలో ఒదిగిపోతుండగా, సమాచార ప్రసారంలో వాడే 1550 నానోమీటర్ల పరారుణ కాంతిని నడిపించే సిలికాన్ దారులు మాత్రం నాలుగైదు వందల నానోమీటర్ల వెడల్పు ఉండక తప్పడం లేదు. విద్యుత్తు సునాయాసంగా సాగిపోయే సందులో కాంతి పట్టదు. ఈ రెండింటి కొలతలకు పొంతన కుదర్చగల సాధనంగా గత పాతికేళ్లలో శాస్త్రవేత్తల దృష్టిని ఆకర్షించినది లోహపు నానోతీగ, అంటే సుమారు వంద నానోమీటర్లకు మించని మందంతో, దానికి వంద రెట్లో అంతకు మించో పొడవుతో ఉండే వెండి లేదా బంగారు పోగు.

లోహం కాంతిని తిప్పికొడుతుందే గాని మోసుకుపోదన్నది నిత్యానుభవం. అయితే ఆ తిప్పికొట్టే క్రియ లోపల జరిగేదేమిటో చూస్తే, మోసుకుపోయే శక్తి కూడా అందులోనే ఉన్నట్టు తెలుస్తుంది. లోహపు పరమాణువుల వెలుపలి ఎలక్ట్రాన్లు ఏ ఒక్క పరమాణువుకూ కట్టుబడక, ముద్ద అంతటా స్వేచ్ఛగా తిరుగుతుంటాయి. కాంతి విద్యుదయస్కాంత తరంగం కనుక దాని విద్యుత్ క్షేత్రం ఆ ఎలక్ట్రాన్ల సమూహాన్ని ఒక పక్కకు నెడుతుంది; వెనుక మిగిలిపోయిన ధనావేశం వాటిని మళ్లీ తనవైపు లాగుతుంది; అవి తిరిగి వచ్చే వేగంలో అవతలి పక్కకు దాటిపోతాయి. ఇలా ఎలక్ట్రాన్లన్నీ ఒక్కటిగా ఊగే సామూహిక డోలనాన్ని ప్లాస్మాన్ అంటారు. లోహపు ముద్దలో ఇటువంటి డోలనాలు ఉంటాయని డేవిడ్ బోమ్, డేవిడ్ పైన్స్ 1950ల తొలి సంవత్సరాలలో సిద్ధాంతీకరించగా, పలుచని లోహపు రేకుల గుండా దూసుకుపోయే ఎలక్ట్రాన్లు శక్తిని ఎలా కోల్పోతాయో లెక్కగట్టిన రూఫస్ రిచీ, రేకు ఉపరితలానికే అతుక్కుని ఉండే డోలనాలు కూడా ఉండి తీరాలని 1957లో చూపాడు. వీటినే ఉపరితల ప్లాస్మాన్లు అంటున్నారు. ఈ తరంగంలో సగం ఎలక్ట్రాన్ల ఊగులాట, సగం కాంతి క్షేత్రం. అది లోహంలోకి పాతిక, ముప్పై నానోమీటర్ల లోతుకే చొచ్చుకుపోయి అణగారిపోతుంది, వెలుపలి గాలిలోకి కూడా ఎక్కువ దూరం పాకదు, కాబట్టి లోహపు ఉపరితలాన్నే కరచుకుని ముందుకు సాగుతుంది. వివర్తన పరిమితి స్వేచ్ఛగా ప్రయాణించే కాంతికి వర్తించేది. ఎలక్ట్రాన్లతో జతకట్టిన కాంతికి అది వర్తించదు.

ఈ జతకట్టడం ఎంత బలమైనదో మొదట రంగుల రూపంలో బయటపడింది. మైకేల్ ఫారడే 1857లో లండన్‌లో వెలువరించిన ప్రసంగంలో, బంగారాన్ని నీటిలో అతి సూక్ష్మ కణాలుగా చెదరగొడితే ఆ ద్రవం కెంపు రంగు సంతరించుకుంటుందని వివరించాడు. కణం అంత చిన్నదైతే లోహం కాంతితో మెలిగే తీరే మారిపోతుందని ఆయన గ్రహించాడు. 1908లో గుస్తావ్ మీ ఆ రంగుకు పూర్తి గణితాన్ని అందించాడు. కొన్ని పదుల నానోమీటర్ల బంగారు గోళంలో ఎలక్ట్రాన్ల సహజ డోలనం 520 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చ కాంతితో లయ కలుపుతుంది. ఆ కాంతి గోళంలో ఇంకిపోగా మిగిలిన ఎరుపు కంటికి చేరుతుంది. అదే కొలతలో ఉన్న వెండి గోళమైతే 400 నానోమీటర్ల ఊదా కాంతితో లయ కలిపి, ద్రవాన్ని పసుపు రంగులో చూపిస్తుంది. గోళంలో ఈ డోలనం ఉన్నచోటే పుట్టి, అక్కడే అణగారుతుంది. గోళాన్ని ఒక దిశలో సాగదీసుకుంటూ పోతే మాత్రం డోలనానికి నడిచేందుకు చోటు దొరుకుతుంది, అది తీగ పొడవునా పరుగెత్తే తరంగంగా మారుతుంది. కణానికీ తీగకూ ఉన్న అసలు తేడా ఇదే.

అయితే ఈ తరంగాన్ని తీగ మీద పుట్టించడం అంత తేలిక కాదు. ఒకే పౌనఃపున్యం వద్ద ఉపరితల ప్లాస్మాన్ తరంగదైర్ఘ్యం గాలిలోని కాంతి తరంగదైర్ఘ్యం కన్నా పొట్టిది, అంటే దాని ద్రవ్యవేగం ఎక్కువ. అందువల్ల నున్నని తీగ నడిమి భాగంపై లేజర్ కాంతిని ఎంత కుమ్మరించినా ఆ లోటు తీరదు, ప్లాస్మాన్ పుట్టదు. తీగ కొన వద్ద పరిస్థితి వేరు. అక్కడ ఆకారం ఒక్కసారిగా తెగిపోవడం వల్ల కాంతి నానా దిశలకూ పరిక్షేపణం చెంది, కావలసిన అదనపు ద్రవ్యవేగం అందులో కొంత భాగానికి దక్కుతుంది. అదే కారణంగా ప్లాస్మాన్ కూడా తీగ నడుమ ఎక్కడా బయటికి వెలుగు చిమ్మలేక, అవతలి కొన చేరిన తరువాతే మళ్లీ కాంతిగా మారగలుగుతుంది. 2000వ సంవత్సరంలో అమెరికాలోని జార్జియా టెక్‌లో రాబర్ట్ డిక్సన్, ఆండ్రూ లయన్ సుమారు 20 నానోమీటర్ల మందం గల బంగారు, వెండి కడ్డీలపై దీన్ని స్పష్టంగా చూపారు. 820 నానోమీటర్ల కాంతిని ఒక కొనపై నిలిపినప్పుడు రెండు లోహాలలోనూ రెండో కొన వెలిగింది; 532 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతితో వెండి కడ్డీ కొన వెలిగింది గాని బంగారు కడ్డీ కొన వెలగలేదు. ఆకుపచ్చ కాంతి శక్తి బంగారంలో లోపలి శక్తి పట్టీలో, అంటే ఎలక్ట్రాన్లు ఉండగల శక్తుల శ్రేణిలో, ఉన్న ఎలక్ట్రాన్లను పై పట్టీకి ఎగదోయడానికే ఖర్చయిపోతుంది కాబట్టి తరంగం సాగదు. ఏ లోహం ఏ రంగు కాంతికి పనికివస్తుందన్న ప్రశ్నకు ఈ ప్రయోగం స్పష్టమైన సమాధానం ఇచ్చింది.

2005లో ఆస్ట్రియాలోని గ్రాట్స్ విశ్వవిద్యాలయ బృందం జరిపిన ప్రయోగం ఇంకా లోతుకు వెళ్లింది. గాజు పలకపై పరిచిన, దాదాపు 100 నానోమీటర్ల మందం గల వెండి తీగలలో ఒకదాన్ని ఎంచుకుని, దాని కొనపై లేజర్ బిందువును నిలిపి సూక్ష్మదర్శినిలో చూస్తే, లేజర్ పడిన కొన కళ్లు చెదిరేలా మెరుస్తుంది, తీగ ఒడలంతా చీకటిగా ఉంటుంది, మైక్రాన్ల కొద్దీ దూరంలో (మైక్రాన్ అంటే వెయ్యి నానోమీటర్లు) ఉన్న రెండో కొన వద్ద చిన్న వెలుగుచుక్క నిలిచి ఉంటుంది. లేజర్ తరంగదైర్ఘ్యాన్ని కొద్దికొద్దిగా మారుస్తూ పోతే ఆ చుక్క క్రమబద్ధంగా ప్రకాశించి, మసకబారి, మళ్లీ ప్రకాశిస్తుంది. ప్లాస్మాన్ రెండో కొనను తాకినప్పుడు కొంత భాగం కాంతిగా వెలువడగా, సుమారు 25 శాతం వెనక్కి పరావర్తనం చెంది, ముందుకు పోయే తరంగంతో కలిసి వ్యతికరణం జరపడమే ఇందుకు కారణం. అంటే తీగ అంతా ఎదురెదురుగా పెట్టిన రెండు అద్దాల మధ్య నడవాగా పనిచేస్తోంది. తీగ మీద ప్లాస్మాన్ తరంగదైర్ఘ్యం దాన్ని పుట్టించిన కాంతి తరంగదైర్ఘ్యంలో దాదాపు సగానికి కుదించుకుపోయిందని, అది సుమారు 10 మైక్రాన్ల దూరం సాగగలుగుతోందని ఆ కొలతలు తేల్చాయి. ఈ దూరాన్ని ప్రసార దూరం అంటారు. తరంగ తీవ్రత మూడో వంతుకు కాస్త పైగా మిగిలే చోటికి అది కొలత.

పది మైక్రాన్లు వెంట్రుక మందంలో పావు వంతు కూడా ఉండకపోవచ్చు. అయినా ఆ సంఖ్య ఆశ్చర్యం కలిగించింది, ఎందుకంటే ఎలక్ట్రాన్ పుంజంతో అచ్చుగీసి, లోహాన్ని ఆవిరి చేసి పోతపోసిన తీగలలో ప్లాస్మాన్ అంతకన్నా చాలా ముందే సమసిపోయేది. ఆ ఖరీదైన పద్ధతిలో తయారైన తీగ పైకి ఎంత సొగసుగా ఉన్నా, లోపల అసంఖ్యాకమైన చిన్న స్ఫటికపు రేణువుల కూర్పు. ఒక రేణువులో పరమాణువుల వరుస ఒక దిక్కుకు ఉంటే పక్క రేణువులో మరో దిక్కుకు ఉంటుంది. ఊగుతున్న ఎలక్ట్రాన్లు ప్రతి సరిహద్దు వద్దా ఢీకొని తమ లయను పోగొట్టుకోగా, ఆ శక్తి వేడిగా మారుతుంది. పైగా రేణువుల వల్ల ఉపరితలం గరుకుబారి, కాంతి మార్గమధ్యంలోనే చెదిరి బయటికి కారిపోతుంది. గ్రాట్స్ బృందం వాడిన తీగలు రసాయన ద్రావణంలో వాటంతట అవి పెరిగినవి. వాటి స్ఫటిక నిర్మాణం కొన నుంచి కొనకు చెదరని క్రమంలో ఉంది, పక్క ముఖాలు పరమాణువుల స్థాయిలో నునుపుగా ఉన్నాయి. ఈ రంగంలో ఖర్చు గురించి మాట్లాడే ముందు ఈ విషయాన్ని గుర్తించడం అవసరం: కోట్ల రూపాయల యంత్రం గీసిన తీగ కన్నా గాజు కుప్పెలో మొలిచిన తీగే కాంతిని మెరుగ్గా మోసింది.

ఆ మొలిచే తీరు కూడా దగ్గరగా చూడదగినది. కంసాలి కమ్మచ్చు రంధ్రంలోంచి వెండిని లాగి సన్నగా చేసినట్టు ఈ తీగను లాగడం అసాధ్యం. దీన్ని పరమాణువు మీద పరమాణువు చేర్చి పెంచవలసిందే. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో యునాన్ షియా బృందం 2002 ప్రాంతంలో మెరుగులు దిద్దిన పద్ధతిలో, కార్ల రేడియేటర్ నీళ్లు గడ్డకట్టకుండా కలిపే ఇథిలీన్ గ్లైకాల్‌ను సుమారు 160 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసి, అందులోకి సిల్వర్ నైట్రేట్‌ను, పాలీవినైల్ పైరోలిడోన్ అనే పాలిమర్‌ను బొట్టుబొట్టుగా చేరుస్తారు. వేడెక్కిన గ్లైకాల్ వెండి అయాన్లకు ఎలక్ట్రాన్లను అందించి వాటిని వెండి పరమాణువులుగా మారుస్తుంది. మొదట ద్రవం లేత పసుపు రంగుకు తిరుగుతుంది, అంటే నానోకణాలు పుట్టాయన్నమాట. చివరికి అది బూడిద రంగులో చిక్కబడి, కుప్పెను కొద్దిగా కదిపితే పట్టు నిగారింపుతో సుడులు తిరుగుతుంది. ఆ నిగారింపే తీగలు పెరిగాయనడానికి గుర్తు. తొలి బీజాలలో కొన్నింటికి ఐదు చతుర్ముఖులు ఒకే అక్షం చుట్టూ చేరిన ఆకారం వస్తుంది. ఒక్కొక్క చతుర్ముఖి కోణం 70.5 డిగ్రీలు కనుక ఐదూ కలిసినా 360 డిగ్రీలకు ఏడు డిగ్రీలకు పైగా తక్కువ పడుతుంది, ఆ లోటును పూడ్చడానికి స్ఫటికం కొద్దిగా సాగి బిగుసుకుంటుంది. పాలిమర్ అణువులు పక్క ముఖాలను గట్టిగా అంటిపెట్టుకుని కొత్త పరమాణువులను అక్కడ చేరనివ్వవు; కొనలు మాత్రం ఖాళీగా ఉంటాయి. కాబట్టి పెరుగుదల అంతా పొడవు దిశలోనే సాగి, అడ్డుకోతలో ఐదు పలకలు కనిపించే తీగ సిద్ధమవుతుంది. దీనికి శూన్య గదులు గాని, ఎలక్ట్రాన్ పుంజాలు గాని అక్కరలేదు. మామూలు రసాయన ప్రయోగశాలలో ఉండే హీటరు, కుప్పె, కలియబెట్టే పరికరం, పొడవైన తీగలను వేరుచేసే సెంట్రిఫ్యూజ్ చాలు.

వెండి ఖరీదైనది కదా అన్న సందేహానికి చిన్న లెక్క సమాధానం చెబుతుంది. 100 నానోమీటర్ల మందం, 10 మైక్రాన్ల పొడవు ఉన్న ఒక తీగలో ఉండే వెండి గ్రాములో లక్ష కోట్లో వంతు కన్నా తక్కువ. ఒక్క గ్రాము వెండితో అటువంటి తీగలు దాదాపు లక్షా ఇరవై వేల కోట్లు తయారవుతాయి, వాటిని వరుసగా పేర్చితే 12,000 కిలోమీటర్ల పొడవు వస్తుంది. ఒక చిప్‌కు కావలసిన లోహం విలువ లెక్కలోకి రానంత స్వల్పం. వెండి, బంగారాలకు బదులుగా సాగుతున్న చవక పదార్థాల వేటకు లోహపు ధర ఒక్కటే కారణమని భావించడం, ఈ విషయంపై వచ్చే రాతలలో తరచు కనిపించినా, సగం నిజమే. పెద్ద విస్తీర్ణంలో పూత పూయవలసిన సౌరఫలకాల వంటి చోట్ల, ఒకసారి వాడి పారేసే పరీక్షా పట్టీలలో ధర నిజంగానే బరువు. తక్కిన చోట్ల అసలు ఖర్చు లోహం ప్రవర్తన వల్ల వచ్చేది. బంగారం సిలికాన్‌లోకి వేగంగా ఇంకిపోయి అక్కడి ఆవేశ వాహకాలను మింగే గోతులను ఏర్పరుస్తుంది కాబట్టి చిప్ కర్మాగారాలు దాన్ని తమ యంత్రాల దరిదాపులకు రానివ్వవు. వెండి గాలిలోని గంధక సమ్మేళనాలతో కలిసి నల్లబడుతుంది; ఇంట్లో వెండి కంచానికి చింతపండు పెట్టి తోమితే సరిపోతుంది గాని, వంద నానోమీటర్ల తీగకు పట్టిన కొన్ని నానోమీటర్ల సల్ఫైడు పొర ప్లాస్మాన్‌ను అక్కడికక్కడే అణచివేస్తుంది.

ఇక్కడే రాగి, అల్యూమినియం రంగంలోకి వస్తాయి. భూమి పైపొరలో టన్ను రాతికి వెండి పదో వంతు గ్రాము కూడా దొరకని చోట రాగి అరవై గ్రాముల వరకూ ఉంటుంది, అల్యూమినియమైతే ఏకంగా ఎనభై కిలోలు. రాగిలో పట్టీల మధ్య శోషణ 590 నానోమీటర్ల కన్నా పొట్టి తరంగాలకే పరిమితం కావడం వల్ల ఎరుపు, పరారుణ కాంతుల వద్ద అది బంగారానికి దాదాపు సాటి వస్తుంది. చిప్ పరిశ్రమ 1990ల చివరి నుంచి విద్యుత్ తీగలకు రాగినే వాడుతున్నది కనుక దానికి కర్మాగారంలో అభ్యంతరం లేదు. మాస్కో భౌతిక, సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు 2016లో చిప్ తయారీ పద్ధతులతోనే చేసిన రాగి ప్లాస్మాన్ మార్గాలలో నష్టం బంగారు మార్గాల కన్నా తక్కువగా ఉండగలదని చూపడంతో, బంగారమే శ్రేష్ఠమన్న పాత నమ్మకం సడలింది. రాగికి ఉన్న లోపం తుప్పు: దాని ఆక్సైడు గట్టి కవచంగా నిలవక లోపలికి పాకుతూనే ఉంటుంది. అందువల్ల రాగి తీగలను పలుచని అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడు) పొరతోనో, గ్రాఫీన్‌తోనో కప్పి ఉంచడం తప్పనిసరి.

అల్యూమినియం సంగతి దీనికి భిన్నం. గాలి తగిలిన వెంటనే దానిపై రెండు నుంచి నాలుగు నానోమీటర్ల ఆక్సైడు పొర ఏర్పడి, అంతటితో ఆగిపోయి, లోపలి లోహాన్ని కాపాడుతుంది. అల్యూమినియంలో స్వేచ్ఛా ఎలక్ట్రాన్ల సాంద్రత ఎక్కువ కాబట్టి బంగారం, రాగి పూర్తిగా చేతులెత్తేసే అతినీలలోహిత ప్రాంతంలో కూడా దాని ప్లాస్మాన్లు సజీవంగా ఉంటాయి. ప్రోటీన్ల వంటి జీవాణువులు బలంగా శోషించే కాంతి ఆ ప్రాంతానిదే కావడం దీని విలువను పెంచింది. అయితే 800 నానోమీటర్ల దగ్గర అల్యూమినియానికి తన సొంత శోషణ ఉంది, గ్రాట్స్ ప్రయోగంలో వెండి తీగ చక్కగా పనిచేసిన ప్రాంతం అదే. రైస్ విశ్వవిద్యాలయంలో నయోమీ హాలస్ బృందం 2014లో మరో అంశం చూపింది: లోహాన్ని పోతపోసేటప్పుడు అందులో కలిసిపోయే ఆక్సిజన్ పాళ్లను బట్టి ప్లాస్మాన్ రంగు, పదును మారిపోతాయి. అల్యూమినియంపై వివిధ ప్రయోగశాలల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగకపోవడానికి ఇదొక కారణమని తెలిసిన తరువాతే ఆ లోహంపై నమ్మకం కుదిరింది.

లోహమే కాని లోహం ఒకటి కూడా ఈ వరుసలో ఉంది. డ్రిల్లు ములుకులపై బంగారు ఛాయలో మెరిసే గట్టి పూత టైటానియం నైట్రైడ్. 2,900 డిగ్రీల దాకా కరగని ఈ పింగాణీ పదార్థంలో స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు పుష్కలంగా ఉండటం వల్ల ఎరుపు, సమీప పరారుణ కాంతుల వద్ద అది బంగారంలాగే ప్రవర్తిస్తుందని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో అలెగ్జాండ్రా బోల్టసేవా, వ్లాదిమిర్ షలాయెవ్ బృందాలు నిరూపించాయి. నష్టం బంగారం కన్నా కొంత హెచ్చే అయినా, వేడి మిక్కుటంగా ఉండే చోట దానికి పోటీ లేదు. హార్డ్ డిస్కుపై అతి చిన్న బిందువును ప్లాస్మాన్ కొనతో వేడిచేసి సమాచారం రాసే కొత్త పద్ధతిలో బంగారు కొన మెత్తబడి రూపు చెడటం ఇంజనీర్లను వేధించిన సమస్య. అటువంటి చోట నైట్రైడ్ వైపు మొగ్గడం సహజం.

పదార్థం ఒక ఎత్తయితే, దాన్ని వేల సంఖ్యలో ఒకే క్రమంలో తీర్చడం మరో ఎత్తు. ఇందుకు అల్యూమినియమే మళ్లీ అచ్చుగా ఉపకరించింది. ఆక్సాలిక్ ఆమ్లంలో అల్యూమినియం రేకును ముంచి సుమారు 40 వోల్టుల విద్యుత్తు పంపితే, దానిపై పెరిగే ఆక్సైడు పొరలో దాదాపు 100 నానోమీటర్ల ఎడంతో నిలువు రంధ్రాలు వాటంతట అవే తేనెపట్టు క్రమంలో అమరుతాయి. వోల్టేజి మారిస్తే ఎడం మారుతుంది. జపాన్‌లో హిదెకి మసుదా, కెంజి ఫుకుదా 1995లో ఈ క్రమాన్ని లోపరహితంగా సాధించే మార్గం చూపిన తరువాత, ఆ రంధ్రాలలో విద్యుత్ లేపనంతో లోహాన్ని నింపి, ఆక్సైడును కరిగించి, ఒకే మందం గల తీగల అడవిని తయారుచేయడం చిన్న ప్రయోగశాలలకు కూడా అందుబాటులోకి వచ్చింది. అంతకన్నా తేలికైన అచ్చు పాత డీవీడీ: దాని లోపలి పొరలో 740 నానోమీటర్ల ఎడంతో గాడులు ఉంటాయి, రెండు పొరలను విడదీసి, గాడులున్న ముఖంపై పలుచగా వెండి పూస్తే, కాంతికి లోటు పడిన ద్రవ్యవేగాన్ని ఆ గాడులే సమకూర్చి, ఉపరితల ప్లాస్మాన్లను పుట్టిస్తాయి. ఇంజనీరింగ్ కళాశాలల ప్రయోగశాలలలో ఇది జరగవలసినంతగా జరగడం లేదు, జరిగితే విద్యార్థులు ఈ భౌతికశాస్త్రాన్ని కళ్లారా చూడగలుగుతారు.

కాంతి మార్గంగా నానోతీగ ఎంత దూరం వచ్చిందో రెండు ప్రయోగాలు చెబుతాయి. 2007లో హార్వర్డ్ పరిశోధకులు ఒక క్వాంటం చుక్కను, అంటే ఒకసారికి ఒకే ఫోటాన్‌ను వెలువరించే సూక్ష్మ స్ఫటికాన్ని, వెండి తీగ పక్కన నిలిపి, అది విడిచిన శక్తి ఒకే ఒక్క ప్లాస్మాన్‌గా తీగ వెంట నడిచి కొన వద్ద ఒకే ఫోటాన్‌గా వెలువడటాన్ని నమోదు చేశారు. 2011లో చైనాలో షూ హోంగ్‌షింగ్ బృందం కొమ్మలుగా అల్లుకున్న వెండి తీగలలో రెండు ప్లాస్మాన్ తరంగాలు ఒకదానినొకటి బలపరచడం, రద్దు చేయడం ఆధారంగా తర్క ద్వారాలను (లాజిక్ గేట్లను) వరుసగా జోడించి చూపింది. రెండింటిలోనూ తీగలు ఎక్కడ పడాలో పరిశోధకులు పూర్తిగా శాసించలేకపోయారు. ద్రావణంలోంచి పలకపై పడిన వాటిలో అనువైన వాటిని ఎంచుకోవడమో, సూక్ష్మ సూదులతో జరపడమో చేయవలసి వచ్చింది. కుప్పెలో పెరిగే తీగకు స్ఫటిక క్రమం ఉంది గాని స్థాన నియమం లేదు. యంత్రం గీసే తీగకు స్థాన నియమం ఉంది గాని స్ఫటిక క్రమం లేదు. విద్యుత్ క్షేత్రాలతో, ఆరిపోయే ద్రవపు అంచులతో తీగలను వరుసకు తెచ్చే పద్ధతులు ఎన్ని వచ్చినా, లక్షల తీగలను పదుల నానోమీటర్ల కచ్చితత్వంతో అమర్చే మార్గం మాత్రం ఈ రంగానికి ఇంకా దక్కలేదు.

స్థానం అంతగా పట్టింపు లేని చోట చవక పదార్థాలు ఇప్పటికే పనిలోకి దిగాయి. 1928లో సి.వి. రామన్ కనుగొన్న పరిక్షేపణంలో ప్రతి అణువూ తనకే ప్రత్యేకమైన వర్ణరేఖలను చూపిస్తుంది గాని, ఆ సంకేతం మహా బలహీనం. కోటి ఫోటాన్లలో ఒకటో రెండో మాత్రమే అలా రంగు మారి వస్తాయి. అణువు వెండి నానోనిర్మాణాల మధ్య సందులో చిక్కుకుంటే అక్కడి ప్లాస్మాన్ క్షేత్రం ఆ సంకేతాన్ని అనేక రెట్లు పెంచుతుంది. క్షేత్రం పది రెట్లు పెరిగితే సంకేతం సుమారు పదివేల రెట్లు పెరుగుతుంది. పుణేలోని ఐసర్ (భారతీయ విజ్ఞాన విద్య, పరిశోధన సంస్థ) పరిశోధకులు వెండి నానోతీగ ఒక కొనపై లేజర్ పెట్టి, దూరంగా ఉన్న అణువుల రామన్ సంకేతాన్ని తీగ ద్వారా రాబట్టే ప్రయోగాలు చేస్తున్నారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పేలుడు పదార్థాలను పసిగట్టే కృషిలో భాగంగా, లేజర్‌తో తయారుచేసిన వెండి, బంగారు నానోకణాలను మామూలు వడపోత కాగితంలోకి ఇంకించి, పిక్రిక్ ఆమ్లం వంటి పదార్థాల ఆనవాళ్లను గుర్తించిన పరిశోధన 2018లో వెలువడింది; కణాలను దగ్గరకు చేర్చి సందులు ఏర్పరచడానికి అక్కడ వాడినది సోడియం క్లోరైడ్, అంటే ఉప్పు. కాగితం పోగుల మధ్య కణాలు ఎక్కడ ఎంత దగ్గరగా చేరతాయన్నది యాదృచ్ఛికం కనుక ఒకే పట్టీపై చోటు మారితే సంకేతం బలం కూడా మారుతుంది. అందువల్ల వెతుకుతున్న పదార్థం ఉందా లేదా అన్నది మాత్రమే ఇటువంటి పట్టీ నమ్మకంగా చెబుతుంది. ఎంత ఉందో చెప్పాలంటే పట్టీ అంతటా ఒకే రకమైన సందులు ఉండాలి, వాటిని కాగితం ఖరీదులోనే సాధించడంపై ఇప్పుడు పలు ప్రయోగశాలలలో పని సాగుతోంది.